హిమాచల్‌లోని స్పితి ట్రెక్‌కి ఏ నెల మంచిది? అర్జెంట్

దారితప్పిన మబ్బు: పొద్దున్నుంచి ఇదే పని, బుర్ర వేడెక్కిపోయింది. ఒకరు జూన్ అంటారు, ఇంకొకరు ఆగస్టు బ్రహ్మాండం అంటారు, మరొకరు వానాకాలంలో అటు తొంగి కూడా చూడొద్దంటారు. రేపటికల్లా లీవు పెట్టాలి. దయచేసి ఒక్క నెల చెప్పండి.

మంచుదారి: సెప్టెంబర్ మొదటి రెండు వారాలు.

పాతబూట్లు: నెల సంగతి తర్వాత చూద్దాం, ముందు ఎత్తు గురించి ఆలోచించండి. స్పితిలో ముఖ్యమైన ఊరు కాజా 3,600 మీటర్ల పైనే ఉంటుంది. 2020లో మనాలి దగ్గర అటల్ టన్నెల్ తెరిచాక జనం పొద్దున మనాలిలో బయల్దేరి రాత్రికి కాజాలో పడుకుంటున్నారు. ఒంటికి అలవాటు పడే టైమేదీ? 3,000 మీటర్లు దాటాక, పడుకునే చోటు ఎత్తు రోజుకు 500 మీటర్లకు మించి పెంచకూడదు. తలనొప్పి తగ్గకపోతే ఇక పైకి వెళ్లొద్దు. నడకలో తూలుడు కనిపిస్తే చీకటైనా సరే, వెంటనే కిందికి దించాలి. దీన్ని ఎవరూ పట్టించుకోరు, నాకు అదే బాధ.

దారితప్పిన మబ్బు: అవన్నీ చదివానండీ. నేను అడిగింది నెల.

వాగుదాటి: అసలు నడిచేది ఎక్కడ? లాంగ్జా, కోమిక్, ధంకర్ ఊళ్ల మధ్యా? కనుమ దాటే ట్రెక్కా?

దారితప్పిన మబ్బు: పిన్ భాబా కనుమ. కాఫ్నూ ఊరి నుంచి స్పితిలోని ముద్‌కి. స్పితి ట్రెక్ అంటే అదే కదా.

వాగుదాటి: అది ముందే చెప్పాల్సింది, సగం జవాబు అందులోనే ఉంది. స్పితి వానచాటు ప్రాంతమే, కొండలు అడ్డుండి వాన తక్కువ, కానీ మీరు ఎక్కేది పక్క జిల్లా కిన్నౌర్ వైపు నుంచి. భాబా లోయ అంతా అడవి, పచ్చిక. వాన బాగానే పడుతుంది. కనుమ దాటి స్పితిలోని పిన్ లోయ వైపు దిగితేనే ఎండిన రాతినేల. ఆగస్టు బ్రహ్మాండం అన్నవాళ్లు కాజా చుట్టుపక్కల తిరిగి వచ్చుంటారు.

ఎండమల్లె: నేను ఆగస్టులోనే వెళ్లాను, కాజాలో చినుకు పడలేదు. ఊరికే భయపెట్టకండి.

వాగుదాటి: నేను చెప్పిందీ అదే కదండీ. కాఫ్నూ చేరే రోడ్డు సంగతి కూడా చూడండి. 2021 ఆగస్టులో నిగుల్‌సరీ దగ్గర కొండచరియ విరిగి బస్సు మీద పడింది, చాలామంది పోయారు. అది మీరు వెళ్లే దారే.

ఎండమల్లె: అయితే జూన్‌లో వెళ్లొచ్చుగా. పాస్ (కనుమ) తెరిచేస్తారు.

మంచుదారి: తెరిచేది కుంజుమ్, మనాలి నుంచి కాజా వెళ్లే దారిలోని కనుమ. అది రోడ్డు, యంత్రాలతో మంచు తీస్తారు. పిన్ భాబాలో ఎవరూ తీయరు.

ఎండమల్లె: పాస్ అంటే పాసే కదా.

వాగుదాటి: కాదండీ. పిన్ భాబా 4,900 మీటర్ల దగ్గర ఉంటుంది. జూన్‌లో పైభాగమంతా మంచే, కింద వాగుల మీద మంచు వంతెనలుంటాయి. మంచు మీద నడక అలవాటున్నవాళ్లకు ఇబ్బంది లేదు, కొత్తవాళ్లకు వద్దు. ఇంకో మాట, కారా అనే క్యాంపు దగ్గర వాగు దాటాలి. పొద్దున్నే మోకాలి లోతు ఉన్న నీళ్లు ఎండెక్కి పైన మంచు కరిగాక తొడల దాకా వస్తాయి. రాళ్లు దొర్లుతున్న చప్పుడు వినిపిస్తుంటే దిగొద్దు. బ్యాగు నడుం బెల్టు విప్పేసి, ప్రవాహానికి ఎదురు ముఖం పెట్టి, పక్కకు అడుగులేస్తూ దాటండి. సెప్టెంబర్‌కి ఆ నీళ్లు తగ్గుతాయి, వానలూ తగ్గుతాయి. నెలాఖరుకి మళ్లీ మంచు మొదలవ్వచ్చు కాబట్టి ఒక రోజు చేతిలో ఉంచుకోండి.

పాతబూట్లు: కాఫ్నూ నుంచి అయితే మంచిదే, కింద నుంచి మెల్లగా ఎక్కుతారు. అయినా కనుమ కింది క్యాంపులో తలనొప్పి ఉంటే దాచిపెట్టకండి, గైడుకి చెప్పండి.

దారితప్పిన మబ్బు: సెప్టెంబర్‌కే లీవు పెట్టేశాను. థాంక్సండీ.

ఒంటరి గుడారం: నాదీ ఇదే రూటు, కానీ మే నెలాఖరు తప్ప నాకు కుదరదు. గైడు ఉంటే వెళ్లొచ్చా?