రెండేళ్లు దాటినా మాటల్లేవు: ఇప్పుడే పరీక్ష చేయించాలా, మూడేళ్లదాకా చూడాలా?

కావలి మేనమామ
మేనల్లుడికి 26 నెలలు. అమ్మ, తాత, ఇంకో మూడు మాటలు, అంతే. పేరు పెట్టి పిలిస్తే ఒకసారి తిరుగుతాడు, ఒకసారి తిరగడు. నడక, తిండి బాగానే ఉన్నాయి. పెద్దోళ్లేమో "మగపిల్లలకు మాట ఆలస్యమే, వస పోయండి, మూడేళ్లు నిండనీ" అంటున్నారు. అంగన్‌వాడీ టీచరేమో ఆటిజం పరీక్ష చేయించమంటోంది. తెలిసినోళ్లు చెప్పండి.

స్పీచ్ థెరపిస్టు, ఒంగోలు
ఆగొద్దన్నా. 16 నెలలకు ఒక్క మాటా రాకపోయినా, 24 నెలలకు "నీళ్లు ఇవ్వు" లాగా సొంతంగా రెండు మాటలు కలపకపోయినా చూపించాల్సిందే. వచ్చిన మాటలు పోతే మాత్రం ఏ వయసైనా వెంటనే వెళ్లాలి. వసతో మాటొస్తుందనడానికి ఆధారం లేదు, ఎక్కువైతే వాంతులవుతాయి.

ముందు చెవి చూపించండి. "పళ్లెం కింద పడితే ఉలిక్కిపడతాడు, చెవులు బాగానే ఉన్నాయి" అని చాలామంది మోసపోతారు. కర్ణభేరి వెనక నీరు చేరిన బిడ్డకు పళ్లెం చప్పుడు వినపడుతుంది, స, ఫ లాంటి మెత్తని శబ్దాలు జారిపోతాయి. ఓఏఈ, బెరా అని రెండు పరీక్షలుంటాయి. బెరా నిద్రలో చేస్తారు. ఆ రోజు పెందలాడే లేపండి, బస్సులో కునుకు తీయనీయకండి. అక్కడ నిద్ర పట్టకపోతే పరీక్ష సగంలో ఆగి, ఇంకో రోజు రమ్మంటారు.

పొదిలి మాస్టారు
నేను ఒప్పుకోను. కొన్ని సెంటర్లలో ఇరవై నిమిషాలు చూసి ఆటిజం అని రాసి, నెలవారీ ప్యాకేజీ చేతిలో పెడుతున్నారు. ఊళ్లో ఒకసారి పేరు పడితే పోదు, బడుల్లో చేర్చుకోరు. పైగా రెండేళ్ల బిడ్డ కొత్త మనిషిని చూస్తే బిగుసుకుపోతాడు, అప్పుడేం తేలుతుంది? ముందు ఫోన్ ఆపండి. ఈ వయసుకు రోజుకు గంట మించి తెర వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే చెప్పింది. మూడు నెలలు బాగా పలకరించి చూసి, అప్పుడు ఆలోచించండి.

పిల్లల డాక్టర్, నెల్లూరు
ఇరవై నిమిషాల సంగతి నిజమే మాస్టారూ, అలాంటి చోటు నుంచి లేచి వచ్చేయాలి. ఫోన్ కూడా ఆపాల్సిందే. అయితే ఆ మూడు నెలలూ పరీక్షను ఆపి కూర్చోవద్దు. ఆటిజం అనుమానం ఉందో లేదో చూసే ఎంచాట్-ఆర్ ప్రశ్నావళి 16 నుంచి 30 నెలల వరకే, 20 ప్రశ్నలు. స్కోరు 0–2 వస్తే ప్రమాదం తక్కువ, 3–7 వస్తే రెండో విడత ప్రశ్నలు, 8 గానీ అంతకు మించి గానీ వస్తే నేరుగా నిపుణుల దగ్గరికి. ఇది వడపోత మాత్రమే, రోగ నిర్ధారణ కాదు.

ఎక్కువ తప్పులు జరిగేది జవాబుల దగ్గరే. "వేలుతో చూపిస్తాడా" అంటే, మన చెయ్యి పట్టుకుని ఫ్రిజ్ దాకా లాక్కెళ్లే బిడ్డకు కూడా "అవును" అంటారు. ఆకాశంలో విమానాన్ని వేలుతో చూపించి, మీరూ చూశారా అని మీ మొహం వంక చూస్తే అది చూపించడం. ఎప్పుడో ఒకటి రెండుసార్లు చేసిన పనికి "లేదు" అనే రాయాలి.

బిగుసుకుపోయే బిడ్డకు ఇంట్లో తీసిన వీడియోలు ఆధారం: ఒంటరిగా ఆడేటప్పుడు, అన్నం తినేటప్పుడు, వెనక నుంచి పేరు పిలిచినప్పుడు, ఒక్కోటి రెండు నిమిషాలు చాలు.

ఇక పేరు పడటం. పరీక్ష చేయించినంత మాత్రాన వైకల్య సర్టిఫికెట్ రాదు. సచివాలయంలో సదరం (ఆ సర్టిఫికెట్ ఇచ్చే శిబిరం) స్లాట్ మీరు అడిగితేనే ఆ దారి. గుర్తింపున్న బడులు వైకల్యం పేరుతో వివక్ష లేకుండా చేర్చుకోవాలని 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలోనే ఉంది.

పొదిలి మాస్టారు
చట్టం కాగితమ్మీద ఉంది డాక్టరుగారూ, బడి గేటు దగ్గర కనపడదు. సరే, తేలింది అనుకుందాం. వారానికి మూడుసార్లు పొదిలి నుంచి ఒంగోలు పోవడం కూలి మనిషికి అయ్యే పనా?

స్పీచ్ థెరపిస్టు, ఒంగోలు
న్యాయమైన మాట. అందుకే అమ్మకు నేర్పని సెంటర్‌కు డబ్బు కట్టొద్దంటాను. బిస్కెట్ ప్యాకెట్ మొత్తం ఇవ్వకుండా ఒక్క ముక్క మీ మొహం దగ్గర పట్టుకుని, "బిస్కెట్" అని ఐదు సెకన్లు ఆగండి. చూపు, చెయ్యి, శబ్దం, ఏదొచ్చినా వెంటనే ఇచ్చేయండి. "చెప్తేనే ఇస్తా" అని ఏడిపిస్తే వచ్చేదీ ఆగిపోతుంది. మండలంలో ప్రత్యేక అవసరాల పిల్లల కోసం భవిత కేంద్రం ఉంటుంది, నెల్లూరులో సీఆర్‌సీ అనే కేంద్ర ప్రభుత్వ దివ్యాంగుల కేంద్రం ఉంది. అంగన్‌వాడీకి వచ్చే ఆర్‌బీఎస్‌కే (పిల్లల ఆరోగ్య తనిఖీ పథకం) బృందం చేత రెఫరల్ రాయించుకుంటే ప్రభుత్వాసుపత్రిలో ఖర్చుండదు.

కావలి మేనమామ
ఎంచాట్‌లో 2 లోపే వస్తే ఇంటికొచ్చేయొచ్చా?

పిల్లల డాక్టర్, నెల్లూరు
లేదు. 26 నెలలకు ఐదు మాటలంటే ఆటిజం లేకపోయినా చెవి పరీక్ష, స్పీచ్ రెండూ కావాలి. టీకాల కార్డు, కాన్పప్పటి డిశ్చార్జి కాగితం వెంట తెచ్చుకోండి. పుట్టగానే ఏడ్చాడా, కామెర్లకు లైట్ల కింద పెట్టారా అని తప్పకుండా అడుగుతారు.