అప్‌డేట్: కోట ఆటలో జనం ఇప్పుడు వాళ్లంతట వాళ్లే పనికి వెళ్తున్నారు

విజయనగరం కోట మ్యాప్ మీద తమ్ముడూ నేనూ చేస్తున్న స్ట్రాటజీ గేమ్‌లో, యుద్ధం మధ్యలో ఒక్కో పౌరుడికీ పని చెప్పే టెన్షన్ ఎలా తగ్గించాలని అడిగాను కదా. మీరు చెప్పినట్టే మనుషులకు కాకుండా భవనాలకు ప్రాధాన్యం పెట్టాం. ధాన్యం గాదెకు ‘ముందు’ అని గుర్తు పెడితే చాలు, ఖాళీగా ఉన్నవాళ్లలో దగ్గరున్నవాడు తనే వెళ్తాడు. ఆటగాడి చూపు కోటగోడ మీదే ఉంటుంది.

స్ట్రాంగ్‌హోల్డ్ అనే కోట కట్టే కంప్యూటర్ గేమ్ చూడమన్న సలహా అన్నిటికన్నా పనికొచ్చింది. 2001 నాటి ఆ ఆటలో ప్రజాదరణ 50 కన్నా తగ్గితే జనం కోట వదిలి వెళ్లిపోతారు. పన్ను పెంచితే తిండి పెంచి సర్దుకోవాలి. మేం దానికి నడక దూరం కలిపాం. పెద్దచెరువు నుంచి నీళ్లు మోసే మనిషి ఇల్లు కోట అవతల ఉంటే సగం రోజు దారిలోనే పోతుంది, ఆదరణా పడిపోతుంది. దాంతో ఇళ్లు ఎక్కడ కట్టాలన్నదే అసలు వ్యూహమైంది. నాకు ఇదే బాగా నచ్చింది.

ఇంకొకటి తేలాలి. నిప్పంటుకుంటే అందరూ ఒక్కసారే చెరువుకు పరిగెడుతున్నారు, గోడ మీద కాపలా ఉండట్లేదు. దారి చెప్పండి, తమ్ముడు వెంటనే కోడ్ రాస్తానంటున్నాడు.