పాత ఇంటి చెక్క డెక్: ఎన్నాళ్లకోసారి చూసుకోవాలి?

ఆష్‌బర్న్, వర్జీనియా నుంచి:
అందరికీ నమస్కారం. మేము ఇక్కడికి కొత్త. ఈ మధ్యే ఇల్లు కొన్నాం, 1998లో కట్టినది. వెనకవైపు నేల నుంచి బాగా ఎత్తులో చెక్క డెక్ ఉంది, అంటే ఇంటి గోడకి ఆనించి కట్టిన చెక్క వేదిక. శ్రావణంలో సత్యనారాయణ వ్రతం పెట్టుకుని, భోజనాలు డెక్ మీదే వడ్డిద్దామని మా ఆవిడ అంటోంది. ఇలాంటి డెక్‌ని ఎన్నాళ్లకోసారి తనిఖీ చేయించాలి? పెద్దలు చెప్పగలరు.

ఎడిసన్, న్యూజెర్సీ నుంచి:
కొత్త ఇంటికి శుభాకాంక్షలండీ. ఏడాదికోసారి మీరే చూసుకోవాలి. మంచు కరిగాక, వేసవి పార్టీలు మొదలవ్వకముందు చూస్తే మంచిది. ఇక్కడి డెక్ కట్టేవాళ్ల సంఘం ఏటా ఒక నెలని ఇందుకోసమే కేటాయించింది. పెద్ద గాలివాన వచ్చి వెళ్లాక మరోసారి చూడండి. మీ డెక్ ఇంటితో పాటు కట్టినదే అయితే, వ్రతానికి ముందు తెలిసిన ఇన్‌స్పెక్టర్‌తో చూపించండి.

పైన నిలబడి చూస్తే ఏమీ తెలియదు. టార్చి పట్టుకుని కిందకి వెళ్లండి. ఇంటి గోడకి అడ్డంగా బిగించిన పలక ఉంటుంది, లెడ్జర్ బోర్డు అంటారు. కూలిన డెక్‌లు చాలావరకు అక్కడే గోడ నుంచి ఊడొస్తాయి. దాన్ని బోల్టులతో బిగించారా, ఉత్త మేకులు కొట్టి వదిలేశారా చూడండి. ఉత్త మేకులే అయితే బాగు చేయించేదాకా ఎవరినీ పైకి ఎక్కనివ్వకండి. తర్వాత స్క్రూడ్రైవర్ మొనతో చెక్కని పొడిచి పైకి లేపండి. మంచి చెక్క పొడుగ్గా పీచులా లేస్తుంది. పుచ్చిన చెక్కలోకి మొన మెత్తగా దిగి, పొట్టి ముక్కలుగా విరిగి వస్తుంది.

నేపర్‌విల్, ఇల్లినాయ్ నుంచి:
అద్దె ఇళ్లలో ఉన్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. మేము అద్దెకున్న ఇంట్లో డెక్ రెయిలింగ్ చేత్తో పట్టుకుంటే ఊగేది. ఇంట్లో చిన్న పిల్లలు, నాకు ఒకటే టెన్షన్. ఓనర్‌కి చెబితే మనిషిని పంపి రంగు వేయించాడు! మళ్లీ చెబితే ‘మీవాళ్లు ఎక్కువమంది ఎక్కుతున్నారు’ అన్నాడు. తలుపు గడప కింద నీళ్లు గోడలోకి దిగకుండా రేకు ఉండాలి కదా, ఫ్లాషింగ్ అంటారు, అది అసలు వెయ్యనే లేదు. వాన నీరంతా లెడ్జర్ వెనక చేరి, రంగు కింద చెక్క నల్లగా మెత్తబడిపోయింది. ఫోటోలు తీసి ఈమెయిల్‌లో పెట్టాం. సిటీ ఇన్‌స్పెక్టర్ వచ్చి వాడొద్దని కాగితం అంటించాకే ఓనర్‌లో కదలిక వచ్చింది. ఖాళీ చేసేటప్పుడు డెక్ మేమే పాడు చేశామని డిపాజిట్ పట్టుకున్నాడు. ఆ ఈమెయిల్స్ చూపించే వెనక్కి రాబట్టుకున్నాం. ఏది చెప్పినా రాతపూర్వకంగా చెప్పండి. 2003లో షికాగోలో పార్టీ జరుగుతుండగా చెక్క పోర్చీ కూలి 13 మంది పోయారు. ఇది ఆషామాషీ విషయం కాదు.

శాన్ హోసే నుంచి:
చట్టప్రకారం ఆరేళ్లకోసారి చేయిస్తే చాలండీ. ఎస్‌బీ 721లో స్పష్టంగా ఉంది.

ఎడిసన్ నుంచి:
అన్నగారూ, అది కాలిఫోర్నియా చట్టం. 2015లో బర్క్‌లీలో పుచ్చిన బాల్కనీ విరిగి ఆరుగురు చనిపోయాక వచ్చింది. అది కూడా మూడు, అంతకు మించి వాటాలున్న అపార్ట్‌మెంట్లకే. కాండోలకి, అంటే ఒక్కో వాటా ఒక్కొక్కరికి సొంతమైన భవనాలకి, వేరే చట్టం, తొమ్మిదేళ్లు. వర్జీనియాలో సొంత ఇల్లున్న ఆయనకి ఆ లెక్క చెప్పకండి.

శాన్ హోసే నుంచి:
ఆరేళ్లకోసారైనా నిపుణుడు చూడాలనే నా ఉద్దేశం. ఎవరికి వారే చూసుకుంటే అన్నీ బాగున్నట్టే కనిపిస్తాయి.

డాలస్ నుంచి:
ఇంత తంటా ఎందుకు? చెక్క పీకించి కాంపోజిట్ వేయించుకోండి, చెక్కపొట్టు, ప్లాస్టిక్ కలిపి చేసిన పలకలవి. మళ్లీ చూడక్కర్లేదు.

నేపర్‌విల్ నుంచి:
చూడక్కర్లేదని కొత్తవాళ్లకి చెప్పకండి తమ్ముడూ. కాంపోజిట్ పై పలకలకే. కింద దూలాలు, స్తంభాలు, లెడ్జర్ మామూలుగా చెక్కవే ఉంటాయి. పైన కొత్తగా మెరుస్తుంటే కింద పుచ్చు ఎవరూ చూడరు.

ఎడిసన్ నుంచి:
ఆష్‌బర్న్ గారూ, ఇంకొక్క మాట. 2003 చివరిదాకా ఇళ్ల డెక్‌లకి, చెక్క పుచ్చకుండా ఆర్సెనిక్ అనే విషం కలిపిన మందు పట్టించిన చెక్కే ఎక్కువ వాడేవారు. ఇంటితో పాటు కట్టినదైతే మీదీ ఆ కాలపుదే. దాన్ని సాండింగ్ చెయ్యకండి, విరిగిన ముక్కలు ఫైర్ పిట్‌లో కాల్చకండి. కొత్త పలకలు వేయిస్తే, ఇప్పటి మందులో రాగి ఎక్కువ కాబట్టి మామూలు మేకులు తొందరగా తుప్పు పడతాయి. హాట్ డిప్ గాల్వనైజ్డ్ (కరిగిన జింకులో ముంచి తీసినవి) గానీ స్టెయిన్‌లెస్‌గానీ అడగండి. ఇక వ్రతం రోజు: డెక్‌లు మామూలుగా చదరపు అడుగుకి 40 పౌండ్ల బరువుకి కడతారు, అదీ చెక్క బాగుంటేనే. ఫోటోకి అందరూ ఒకే రెయిలింగ్ దగ్గరకి చేరతారు, అది ఆపాలి. వడ్డన గ్యారేజీలో పెట్టుకోండి. లెడ్జర్ ఫోటోలు తీసి ఇక్కడ పెడితే, ఇన్‌స్పెక్టర్‌ని ఏమేం అడగాలో రాసిస్తాను.