అండమాన్‌లో పగడాల మీద నాచు: ఆ దిబ్బ చచ్చిపోయినట్టేనా?

బెజవాడ_బాటసారి
ఈమధ్య ఫ్యామిలీతో హావ్‌లాక్ వెళ్లాం (ఇప్పుడు స్వరాజ్ ద్వీప్ అంటున్నారు). ఎలిఫెంట్ బీచ్‌లో నీళ్లలోకి దిగి చూస్తే కొమ్మల పగడాల మీద చాలా చోట్ల గోధుమ, ఆకుపచ్చ రంగుల్లో నూగు నాచు కనబడింది. పక్కనే కొన్ని రాళ్ల మీద గులాబీ రంగు పొర. గైడ్ "అదంతా డెడ్ సార్, ఇటు రండి, చేపలు చూపిస్తా" అని లాక్కెళ్లాడు. నాచు వచ్చిందంటే దిబ్బ పని అయిపోయినట్టేనా? మరి పగడం ఒంట్లోనే నాచు ఉంటుందని చదివాను. అదెలా? తెలిసినవాళ్లు కాస్త చెప్పండి.

లోతునీళ్లు
గైడ్ చెప్పింది సగమే నిజం. మీరు చూసిన నూగును టర్ఫ్ నాచు అంటారు. బతికున్న పగడం దాన్ని తన మీద పెరగనివ్వదు కాబట్టి ఆ కొమ్మలు పోయినట్టే. 2010లోనూ 2016లోనూ అండమాన్ నీళ్లు వేడెక్కి పగడాలు తెల్లబడ్డాయి. తక్కువ లోతులో ఉండే కొమ్మల రకాలకే దెబ్బ ఎక్కువ. పగడం చచ్చాక కొన్నాళ్లకే దాని మీద నూగు మొదలవుతుంది.

గులాబీ పొర సంగతి వేరు. అది కోరలైన్ నాచు, రాయిలాగే గట్టి. ఒంట్లో సున్నం దాచుకుంటూ విరిగిన ముక్కలన్నిటినీ కలిపి అతికేస్తుంది. పెద్ద అలలు కొట్టే దిబ్బ అంచుల్లో పగడం కన్నా ఈ నాచే గట్టిగా నిలబడుతుంది. పైగా నీళ్లలో తేలే పగడం పిల్లలు ఎక్కడ అతుక్కోవాలో వెతుక్కునేటప్పుడు, ఈ నాచుల్లో కొన్ని రకాల నుంచీ, వాటి మీదుండే బ్యాక్టీరియా నుంచీ వచ్చే రసాయనాలను పసిగట్టి దిగుతాయి. అందుకే నేను డైవ్‌కి వెళ్లినప్పుడు ముందు చూసేది గులాబీ ఎంత, నూగు ఎంత అని.

ల్యాబ్_పిల్ల
పగడం ఒంట్లో నాచు గురించి నేను చెప్తానండి, ఎమ్మెస్సీలో నా సబ్జెక్ట్ అదే. జూక్సాంథెల్లే అనే ఏకకణ నాచు పగడం కణాల లోపలే ఉంటుంది. ఎండతో పిండిపదార్థం చేసి అందులో ఎక్కువ భాగం పగడానికి ఇచ్చేస్తుంది. కొన్ని రకాల పగడాలకు కావలసిన శక్తిలో 90 శాతం దాకా ఇలాగే వస్తుంది. బదులుగా నాచుకు ఉండటానికి చోటు, పగడం వదిలే నైట్రోజన్, కార్బన్ డయాక్సైడ్ దొరుకుతాయి. పగడానికి ఉండే ఆ గోధుమ రంగు చాలావరకు ఈ నాచుదే.

ఏటా అత్యంత వేడిగా ఉండే నెలలో మామూలుగా ఉండే వేడి కన్నా ఒక్క డిగ్రీ పెరిగి, అలాగే కొన్ని వారాలుంటే ఈ కాపురం చెడుతుంది. నాచు బయటికి పోతుంది, పల్చటి ఒంట్లోంచి తెల్లటి అస్థిపంజరం కనబడుతుంది. బ్లీచింగ్ అంటే అదే. తెల్లబడ్డంత మాత్రాన చచ్చినట్టు కాదు. నీళ్లు త్వరగా చల్లబడితే కోలుకుంటుంది. దగ్గరగా చూస్తే పాలిప్‌లు (పగడంలోని చిన్న చిన్న జీవులు) ఇంకా కనిపిస్తాయి. వాటి స్థానంలో నూగు మొదలైతే ఆ భాగం మీద ఆశ లేదు.

డాలస్_ట్యాంక్
నాది రీఫ్ అక్వేరియం. ఇక్కడ ట్యాంకుల్లో పెంచిన పగడాలనే కొంటాం (ఇండియాలో పగడాలు వన్యప్రాణి చట్టం కింద ఉన్నాయి, ఎవరూ ట్రై చేయకండి). లోతునీళ్లు అన్న చెప్పిన గులాబీ పొర నా గ్లాస్ మీద ఎంత గట్టిగా పడుతుందంటే బ్లేడుతో గీకాలి. నీళ్లలో ఫాస్ఫేట్ (నాచుకు ఎరువు లాంటిది) కొంచెం పెరిగిందా, జుట్టు నాచు తయారు. చేపలకు మేత ఎక్కువ పడిన వారం దాన్ని చూస్తే టెన్షన్ వస్తుంది. పగడం మొదట్లో చుట్టుకుని, ఎండ తగలనీయకుండా, కదిలినప్పుడల్లా రాస్తూ ఉంటుంది. ఆ అంచున పాలిప్‌లు ముడుచుకుపోతాయి. ఎల్లో టాంగ్ చేపనూ నత్తలనూ వేశాకే అదుపులోకి వచ్చింది. కాబట్టి నా లెక్కలో అసలు విలన్ ఎరువు. మురుగునీరు ఆపితే చాలు.

లోతునీళ్లు
తమ్ముడూ, ట్యాంక్ లెక్క సముద్రానికి పూర్తిగా పనికిరాదు. జమైకా చూడు. 1977లో అక్కడి దిబ్బల మీద పగడం 52 శాతం దాకా ఉండేది, పెద్ద నాచు 4 శాతం. 1993 కల్లా పగడం 3 శాతానికి పడిపోయింది, నాచు 92 శాతానికి పెరిగింది. నాచు తినే చేపల్ని అప్పటికే పట్టేశారు. 1980లో ఆలెన్ తుపాను పగడాన్ని విరగ్గొట్టింది. అయినా నల్ల సీ అర్చిన్‌లు (ముళ్ల బంతుల్లాంటి సముద్ర జీవులు) నాచును మేస్తూ కొంతకాలం కాపు కాశాయి. 1983–84లో ఏదో రోగం వచ్చి అవీ మూకుమ్మడిగా చచ్చాయి. ఇక మేసేవాడే లేడు. నాచు ఎక్కడైనా మొలుస్తుంది, దాన్ని ఎవరు తింటున్నారన్నదే అసలు ప్రశ్న.

డాలస్_ట్యాంక్
హవాయిలో కనియోహే బే ఉందిగా అన్నా? 1977–78లో మురుగునీటిని బే నుంచి మళ్లించాక ఆకుపచ్చ బుడగ నాచు తగ్గింది.

ల్యాబ్_పిల్ల
తగ్గిన మాట నిజమే. కానీ అదే బేలో తర్వాత బయటి నుంచి తెచ్చిన ఎర్ర నాచులు దిబ్బల్ని కప్పేస్తే, పంపుతో పీల్చి తీసేసి, మేయడానికి స్థానిక సీ అర్చిన్‌లను పెంచి మరీ వదిలారు. మీ టాంగ్, నత్తలు చేసిందీ అదే కదండీ!

మండపం_మజిలీ
బయటి నాచు అంటే మన పక్కనే మన్నార్ సింధుశాఖ ఉంది. ఉద్యోగం వల్ల కొన్నేళ్లు రామనాథపురం జిల్లాలో ఉన్నాను. అక్కడి దీవుల చుట్టూ నాచు ఏరుకుని బతికే ఆడవాళ్లు చాలామంది. వేళ్లకు గుడ్డ పీలికలు చుట్టుకుని, కళ్లకు అద్దాలు పెట్టుకుని, ఊపిరి బిగబట్టి మునుగుతారు. తెచ్చేవాటిలో కంజి పాసి ఒకటి, మన చైనా గ్రాస్ లాంటి అగర్ తీయడానికి పనికొస్తుంది. అవి అక్కడే పుట్టిన నాచులు, ఆ దిబ్బల్లో వాటికంటూ చోటుంది.

కప్పాఫైకస్ అలా కాదు. ఫిలిప్పీన్స్ వైపు జాతి, క్యారగీనన్ (తినే పదార్థాలను చిక్కబరిచే జిగురు) కోసం తెప్పల మీద పెంచడం మొదలుపెట్టారు. రాబడి బాగుంటుంది, ఎన్నో ఇళ్లు దాని మీదే నడుస్తున్నాయి. అయితే చిన్న ముక్క తెగి కొట్టుకుపోయినా ఎక్కడో తగులుకుని పెరిగేస్తుంది. 2008లో కురుసడై దీవి దగ్గర బతికున్న కొమ్మల పగడాల మీద దట్టంగా అల్లుకుపోయి కనబడింది. తర్వాత అటవీ శాఖ వాళ్లు మనుషుల్ని పెట్టి పీకించారు, మళ్లీ వచ్చింది. పెంపకం వద్దని నేను అనను, ఆ ఆడవాళ్లకు వేరే దారేం చూపిస్తాం? పగడాలకు ఎంత దూరంలో తెప్పలు వేస్తున్నారన్నది మాత్రం గట్టిగా అడగాలి.

రుషికొండ_గాలి
మా వైజాగ్ రాళ్ల మీద నాచుకు కొదవ లేదు, ఉల్వా, సర్గాసమ్ బోలెడు. మరి పగడపు దిబ్బలు ఎందుకు లేవు?

ల్యాబ్_పిల్ల
గోదావరి, కృష్ణలు తెచ్చే మంచినీళ్లూ ఒండ్రూ ముఖ్య కారణం. నీళ్లు మసకబారితే పగడం లోపలి నాచుకు వెలుగు చాలదు. మట్టి పేరుకుంటే పాలిప్‌లు పూడిపోతాయి.

లోతునీళ్లు
ఇంకో నాచును మర్చిపోయాం, హాలిమెడా. ఆకుపచ్చ బిళ్లలు గొలుసుగా గుచ్చినట్టుంటుంది, ఒక్కో బిళ్లలో సున్నం నిండి ఉంటుంది. చచ్చాక బిళ్లలు విడిపోయి ఇసుకలో కలుస్తాయి. పగడపు దీవికి వెళ్లినప్పుడు గుప్పెడు ఇసుక అరచేతిలో పోసుకుని చూడండి, తెల్లగా, పల్చగా, అటుకుల్లాంటి రేకులు కనబడితే అవి దాదాపు ఇవే. మిగతా ఇసుకలో కొంత చిలుక చేపలది. నాచు కోసం రాయిని కొరికి, పిండి చేసి వెనక నుంచి వదులుతాయి. నీళ్లలో చెవి పెట్టి వింటే ఆ కటకట వినబడుతుంది.

బెజవాడ_బాటసారి
ఆ చప్పుడు నేనూ విన్నాను, ఏంటో అనుకున్నా! అయితే ఈసారి వెళ్లినప్పుడు ఆ నూగును కాస్త గీకేస్తే మేలేనా?

లోతునీళ్లు
వద్దు బాబూ. ఆస్ట్రేలియాలో మ్యాగ్నెటిక్ ఐలాండ్ దగ్గర వాలంటీర్లు సర్గాసమ్ పీకితే ఆ చోట్ల పగడం పెరిగింది, నిజమే. కానీ అది సైంటిస్టుల లెక్క ప్రకారం, ఎంచుకున్న చోట్లలో చేసిన పని. మనం గీకితే నూగుతో పాటు గులాబీ పొర కూడా పోతుంది, పక్కనున్న పిల్ల పగడాలూ పోతాయి. నూగు పొట్టిగా ఉన్నంతవరకు అది చేపల మేత, దాని మానాన దాన్ని వదిలేయండి. పొడుగ్గా పెరిగి మట్టి పట్టి ఉంటే మాత్రం ఫోటో తీసి ఇక్కడ పెట్టండి.

మండపం_మజిలీ
హోటల్లో ప్లేటులోకి చిలుక చేప వస్తే వద్దనండి. మధ్య అమెరికాలోని బెలీజ్ దేశం 2009లోనే వాటిని పట్టకుండా నిషేధించింది. మన దగ్గర టూరిస్టులు అడగడం మానేస్తే అదే చాలా మేలు.

బెజవాడ_బాటసారి
మా ఆవిడ ఈసారి వంజరమే అడుగుతానంటోంది. ఫోటోలు వెతికి రేపు పెడతా.