మ్యాజిక్ సాధనకు మొదటి పుస్తకం: పాత గ్రంథమా, అభ్యాస పుస్తకమా?

కొత్త సాధకుడు:
అడుగుతున్నది టోపీలోంచి కుందేలును తీసే గారడీ గురించి కాదు. ఇంగ్లీషు మాట చివర ఒక 'కె' చేర్చి ఇంగ్లండు మాంత్రికుడు అలీస్టర్ క్రౌలీ వేరుచేసిన మ్యాజిక్ గురించి, అంటే క్రతువులతో, ధ్యానంతో చేసే సాధన గురించి. ఆయన పుస్తకంతోనే మొదలుపెట్టాను. నలభై పేజీలకే తల తిరిగింది. లోపం నాదా, పుస్తకానిదా?

మూలాన్వేషి:
ఇద్దరిదీ కాదు, చదివే వరుసది. క్రౌలీ 1898లో గోల్డెన్ డాన్ అనే రహస్య మాంత్రిక సంఘంలో చేరాడు. అక్కడి పాఠాలన్నీ మనకూ వచ్చినట్టే రాసుకుపోతాడు. 1888లో లండన్‌లో పుట్టిన ఆ సంఘం పాఠాలనూ క్రతువులనూ ఇజ్రాయెల్ రెగార్డీ 1937 నుంచి 1940 వరకు నాలుగు సంపుటాలుగా వెలువరించాడు. ముందు వాటిని పట్టండి.

నిత్యాభ్యాసి:
మూలాన్వేషి గారూ, గట్టున కూర్చోబెట్టి ఈత నేర్పుతున్నారు. నాలుగు సంపుటాలు పూర్తయ్యేసరికి ఈయన ఉత్సాహం కూడా పూర్తవుతుంది. ఫ్రాంజ్ బార్డన్ 1956లో జర్మన్‌లో వెలువరించిన హెర్మెటిక్ (పాశ్చాత్య గుప్తవిద్య) దీక్షా గ్రంథంలో పది మెట్లున్నాయి. మొదటి మెట్టులో క్రతువు కత్తీ లేదు, మంత్రదండమూ లేదు. కదలకుండా కూర్చుని ఆలోచనలను గమనించాలి, తన మంచి గుణాలనూ చెడ్డ గుణాలనూ తానే పట్టిక రాసుకోవాలి. చెడ్డవాటి పట్టిక దగ్గరే చాలామంది పుస్తకం మూసేస్తారు. నేనూ ఒకసారి మూశాను.

మూలాన్వేషి:
బార్డన్‌ను కాదనను. కానీ ఒక్క పుస్తకాన్ని పట్టుకుంటే ఏం జరుగుతుందో అబ్రమెలిన్ అనే పాత మాంత్రిక గ్రంథం చూపిస్తుంది. గోల్డెన్ డాన్ స్థాపకుల్లో ఒకడైన మాథర్స్ పారిస్‌లోని దాని ఫ్రెంచి రాతప్రతిని ఇంగ్లీషు చేశాడు. అందులో ఏకాంత సాధన 6 నెలలు. జర్మన్ ప్రతుల్లో 18 నెలలు! సాధనలో వాడే అక్షర చదరాల్లోనూ (గళ్లలో అక్షరాలు నింపిన యంత్రాలు) ఫ్రెంచి ప్రతిలో ఖాళీలున్నాయి. ఎన్నో ఏళ్లు ఇంగ్లీషు పాఠకులకు అదే ప్రమాణం. మూలం వెతకనివాడు సగం సాధననే పూర్తి సాధన అనుకుంటాడు.

నిత్యాభ్యాసి:
ఆరు రోజులు నిలకడగా కూర్చోలేనివాడికి 6 నెలలైతేనేం, 18 నెలలైతేనేం? అయినా ఆ ఉదాహరణ గట్టిదే, ఒప్పుకుంటాను. ఏ పుస్తకం తీసుకున్నా అనువాదకుడు ఏ ప్రతిని వాడాడో ముందుమాటలో చూడాలి. మొదటి నెలకు మాత్రం ఒక పుస్తకం, ఒక డైరీ చాలు. డైరీ విషయంలో క్రౌలీ కూడా కచ్చితమైన మనిషే.

కొత్త సాధకుడు:
నిన్న రాత్రి ఐదు నిమిషాలు కూర్చున్నాను. మూడుసార్లు ఫోను గుర్తొచ్చింది. అదీ రాయాలా?

నిత్యాభ్యాసి:
ముందు అదే రాయండి.