చంక్ లోడ్ కాకపోతే పేజీని మనమే రీలోడ్ చేసేయాలా?

సెమికోలన్:
మా సైటు జేఎస్ (జావాస్క్రిప్ట్) కోడ్‌ని చంక్‌లుగా, అంటే అవసరమైనప్పుడే దిగే చిన్న ఫైళ్లుగా విడగొట్టాం. కొత్త బిల్డ్ (సర్వర్‌కి పంపే కొత్త కోడ్ ఫైళ్లు) ఎక్కించిన ప్రతిసారీ లాగ్‌లో చంక్‌లోడ్‌ఎర్రర్‌లు, అంటే చంక్ రాలేదన్న ఎర్రర్లు బారులు తీరుతున్నాయి. కారణం తెలిసిందే. ఫైలు పేర్లలో హ్యాష్ (లోపలి కోడ్ మారితే తానూ మారే అక్షరాల గుర్తు) ఉంటుంది, కొత్త బిల్డ్ రాగానే పాత ఫైళ్లు పోతాయి, పొద్దున్నుంచీ ట్యాబ్ తెరిచే ఉంచినవాళ్లు ఏ మెనూ నొక్కినా బ్రౌజర్ ఆ పాత పేరే అడుగుతుంది. ఎర్రర్ పట్టుకుని ఒక రీలోడ్ కొట్టేస్తే పోతుంది కదా అంటాను నేను. టీములో ఇద్దరు ఒప్పుకోవట్లేదు.

పాతట్యాబ్:
నేనూ ఒప్పుకోను. మేమదే చేశాం. ఒకావిడ నాలుగు పేజీల ఫారంలో మూడో పేజీకొచ్చి తేదీ గడి మీద నొక్కారు, ఆ క్యాలెండర్ వేరే చంక్‌లో ఉంది, అది రాలేదు, పేజీ రీలోడై నింపిందంతా తుడిచిపెట్టుకుపోయింది. లాగ్ శుభ్రంగా ఉంది కాబట్టి మేం హాయిగా ఉన్నాం, ఆవిడ ఫోన్ చేసి తిట్టేదాకా.

సెమికోలన్:
ఫారం డ్రాఫ్టు సెషన్ స్టోరేజ్‌లో (ట్యాబ్ మూసేదాకా బ్రౌజర్ గుర్తుంచుకునే చోటు) దాస్తే?

క్యాష్‌గోల:
దాచండి, పక్కనే ఒకసారి రీలోడ్ అయిందని ఫ్లాగ్ (గుర్తు) కూడా పెట్టండి. లేకపోతే ఫైలు ఎప్పటికీ రానప్పుడు (యాడ్ బ్లాకర్ ఆపినా అంతే) పేజీ గానుగెద్దులా తిరుగుతూనే ఉంటుంది. అన్నట్టు, బ్రౌజర్ డెవలపర్ టూల్స్‌లో నెట్‌వర్క్ ట్యాబ్ చూశారా? సింగిల్ పేజీ యాప్ (ఒకే ఇండెక్స్ పేజీ మీద నడిచే సైటు) కదా అని దొరకని ప్రతి అడ్రస్‌కీ ఇండెక్స్ పేజీ ఇచ్చేలా సర్వర్‌లో రూల్ పెడతాం. దాంతో లేని జేఎస్ ఫైలుకి 404 (దొరకలేదు) రావాల్సింది 200 (దొరికింది) వస్తుంది, తెరిచి చూస్తే లోపల హెచ్‌టీఎంఎల్! కన్సోల్‌లో '<' చూపించి 'అన్‌ఎక్స్‌పెక్టెడ్ టోకెన్' అనేది అందుకే. నేనైతే కోడ్‌లో సింటాక్స్ తప్పు వెతుకుతూ ఒక మధ్యాహ్నమంతా తగలేశాను. ఆ 200 సీడీఎన్‌లో (ఫైళ్ల కాపీలు ఉంచుకుని పంపే మధ్య సర్వర్లు) క్యాష్ అయితే, అంటే దాచుకుంటే, మీ రీలోడ్ ఒక్కోసారి పనికిరాకపోవచ్చు.

పాతట్యాబ్:
అసలు పాత ఫైళ్లు తుడిచేయడం దేనికి? హ్యాష్ పేర్లు ఒకదానికొకటి అడ్డురావు, నాలుగైదు బిల్డ్‌లు సర్వర్ మీదే ఉండనివ్వండి. ఇండెక్స్‌కి నో-క్యాష్ (వాడే ముందు ప్రతిసారీ సర్వర్‌ని అడగమని), హ్యాష్ ఉన్నవాటికి మ్యాక్స్-ఏజ్ 31536000 (సెకన్లలో ఏడాది), ఇమ్యూటబుల్ (మారదు కాబట్టి మళ్లీ అడగొద్దని). సగం గొడవ అక్కడే తీరుతుంది.

సెమికోలన్:
పాత జేఎస్ కొత్త ఏపీఐని (డేటా కోసం పేజీ సర్వర్‌ని అడిగే దారి) పిలిస్తే?

పాతట్యాబ్:
అది వేరే జబ్బు. కొత్త వెర్షన్ వచ్చిందని పైన ఒక పట్టీ చూపించి బటన్ ఇవ్వండి, ఎప్పుడు నొక్కాలో వాళ్లిష్టం.

క్యాష్‌గోల:
ఆ పట్టీ ఎవరూ నొక్కరు సార్.

సెమికోలన్:
ఇప్పుడే చూశాను, మా చంక్‌కి కంటెంట్-టైప్ (వచ్చింది ఏ రకం ఫైలో సర్వర్ చెప్పేది) టెక్స్ట్/హెచ్‌టీఎంఎల్ అనే వస్తోంది. చంక్‌లుండే అసెట్స్ ఫోల్డర్‌ని ఆ ఇండెక్స్ రూల్‌లోంచి తీసేస్తున్నా. రీలోడ్ మాత్రం ఉంచుతా, ఒక్కసారికే, అదీ ఫారం తెరిచి లేనప్పుడే.