క్షేమాభివృద్ధి అనే మాటలో ఇల్లు ఏమైంది?

ఒంగోలు నుంచి:
అందరికీ వందనాలు. సండే స్కూల్లో పెద్ద పిల్లలకు బైబిల్లో పౌలు రాసిన ఎఫెసీ పత్రిక నాలుగో అధ్యాయం చెబుతున్నాను. పదహారో వచనం చివర ‘ప్రేమయందు తనకు క్షేమాభివృద్ధి కలుగునట్లు శరీరమునకు అభివృద్ధి కలుగజేసికొనుచున్నది’ అని ఉంది. ఒక అమ్మాయి చదవడం ఆపి, “అభివృద్ధి కోసం అభివృద్ధి చేసుకోవడం ఏమిటి టీచర్?” అని అడిగింది. జవాబు చెప్పలేకపోయాను.

ఇంటికి వచ్చి వెతికితే తెలిసింది, గ్రీకులో అవి పోలికే లేని రెండు మాటలు. ‘అభివృద్ధి’ అన్నచోట మొక్క, పసిబిడ్డ పెరిగే పెరుగుదల ఉంది. ‘క్షేమాభివృద్ధి’ అన్నచోట ఉన్నది ఒయికొదొమే. ఒయికోస్ అంటే ఇల్లు. ఇల్లు కట్టడం అని ఆ మాటకు అర్థం. తెలుగులో చదివే మనకు మొక్క కనబడదు, ఇల్లూ కనబడదు.

మా నాయనమ్మ రోజూ సాయంత్రం ప్రార్థనలో “నా బిడ్డలకు క్షేమాభివృద్ధి దయచేయి తండ్రీ” అనేది. ఆమె అడిగింది ఆరోగ్యం, ఉద్యోగం, పెళ్లి. అలా అడగడం తప్పని నేను అనను, ఆ ప్రార్థనల నీడలోనే పెరిగాను. అయితే పౌలు మాటను కూడా అదే చెవితో వింటున్నాం. ఆత్మీయంగా ఎదగడమంటే ఎవరి బాగు వారు చూసుకోవడం అన్నట్టు తయారయింది. ఈ మాట బదులు ఇంకేదైనా వాడి ఉండవలసిందా? పెద్దలు చెప్పండి.

కావలి నుంచి:
అమ్మా, అనువాదకులకు ఇల్లు తెలియక కాదు. అదే మాటకు 1 కొరింథీ 3:9లో ‘దేవుని గృహము’ అని రాశారు. 2 కొరింథీ 10:8లో ‘పడద్రోయుటకు కాక మిమ్మును కట్టుటకే’ అన్నారు. అక్కడ పడద్రోయుట పక్కనే ఉంది కాబట్టి కట్టుట గోడ కట్టడమేనని తెలిసిపోతుంది. కొలొస్సీ 2:7 చూడండి, ‘వేరుపారినవారై, యింటివలె కట్టబడుచు’. ‘యింటివలె’ అన్న మాట మూలంలో విడిగా లేదు, పాఠకుడు తికమకపడకూడదని మనవాళ్లే చేర్చారు.

చిక్కంతా మన ‘కట్టు’తోనే. పశువును కడతాం, చీర కడతాం, తాళి కడతాం, ఇల్లు కడతాం. 1 థెస్సలొనీకయ 5:11లో ‘ఒకనికొకడు క్షేమాభివృద్ధి కలుగజేయుడి’ అనే చోట ‘ఒకనినొకడు కట్టుడి’ అని రాస్తే వినేవాడికి తాళ్లు గుర్తొస్తాయి. ‘జ్ఞానము ఉప్పొంగజేయును గాని ప్రేమ క్షేమాభివృద్ధి కలుగజేయును’ అన్నచోట ‘ప్రేమ కట్టును’ అని ఆపితే వాక్యం గాలిలో వేలాడుతుంది. అందుకే సంస్కృత సమాసం వెతుక్కున్నారని నా ఊహ. వారిని తప్పుపట్టలేను.

చీమకుర్తి నుంచి:
‘నిలబెట్టడం’ అంటే సరిపోదా మాస్టారూ? “తండ్రి పోయాక ఆ ఇంటిని పెద్దక్క నిలబెట్టింది” అంటాం. ఇల్లూ ఉంది, మనుషులూ ఉన్నారు, తాడు లేదు.

మా నాన్న తాపీ మేస్త్రీ. ఇటుక తనంతట తాను గోడ ఎక్కదని అనేవారు. గోడ కట్టాక నీళ్లు పట్టే పని చిన్నప్పుడు నాది. మన ఎండలకు పొద్దునా సాయంత్రమూ, వారం పది రోజులు పట్టాలి. నీళ్లు పట్టని గోడ చూపుకు బాగానే ఉంటుంది, గోటితో గీస్తే ఇసుకలా రాలుతుంది. బాప్తిస్మం తీసుకున్న మరుసటి ఏడాదే గుడి మానేసిన స్నేహితులు నాకు ముగ్గురున్నారు. వారి ఇళ్లకు మేమెవరం వెళ్లలేదు. ఆ సంగతి తలచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది.

నెల్లూరు నుంచి:
‘నిలబెట్టడం’ నాకు నచ్చింది. మన ప్రాంతపు చరిత్రకూ సరిపోతుంది. 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారని ఇక్కడి బాప్టిస్టు కుటుంబాల్లో చిన్నపిల్లలు కూడా చెబుతారు. దాని ముందు సంగతి తక్కువమంది చెబుతారు. కరువులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం గుత్తకు తీసుకుని జనానికి కూలి చూపించారు. తిండి కోసం మతంలోకి వచ్చారన్న మాట రాకూడదని ఏడాదికి పైగా బాప్తిస్మాలు ఆపారు. ఆ రోజుల్లో కాలువ గట్టున పని చేయిస్తూ, విరామంలో కూలీల పక్కన కూర్చుని వాక్యం చెప్పినవారు తెలుగు బోధకులే. ఒయికొదొమే నాకు అక్కడ కనబడుతుంది.

ఒంగోలు నుంచి:
మీ అందరి మాటలూ ఆ అమ్మాయికి ఫోనులో చదివి వినిపించాను. శ్రద్ధగా విని, బైబిలు తెచ్చుకుని ఇంకో ప్రశ్న వేసింది. 1 కొరింథీ 14:4లో ‘భాషతో మాటలాడువాడు తనకే క్షేమాభివృద్ధి కలుగజేసికొనును’ అని ఉంది కదా, ఇటుక తనంతట తాను గోడ ఎక్కదన్నప్పుడు తనను తాను కట్టుకోవడం ఎలా అని. మాస్టారు గారే చెప్పాలి.

కావలి నుంచి:
గట్టి పిల్ల. గ్రీకులో అక్కడా అదే మాట. యూదా పత్రిక ఇరవయ్యో వచనం కూడా తీయమనండి, ‘మిమ్మును మీరు కట్టుకొనుచు’. అక్కడ ఉన్నది బహువచనం. ఒకచోట ఒక్కడు, ఇంకోచోట పదిమంది. ఆ రెండూ పక్కపక్కన పెట్టి తనకేమి తోచిందో రాయమనండి, వచ్చే ఆదివారం దాకా ఎదురుచూస్తాను.